అయ్యో అన్న గోరింకలు

అనగనగా ఒక పట్నం. ఆ పట్నంలో మాటకు రెక్కలుండేవి.

ఎలాగంటారా? పెద్దిశెట్టి అనే వర్తకుడు ఏడు కొండల అవతలి నుంచి పలుకు నేర్చిన గోరింకలను బండ్లకెత్తి తెచ్చాడు. ఒక గోరింక మాట వింటే చాలు, చూరు కింద పంజరంలోంచే పక్కింటి గోరింకకు చెప్పేది. అది తన పక్కదానికి చెప్పేది. పొద్దుగూకే వేళ ఈ వీధిలో అన్న మాట తెల్లారేసరికి కోటలో రాజుగారి చెవిన పడేది. అన్నం లేని ఇల్లు ఉందేమో గాని, గోరింక లేని ఇల్లు లేదు.

"ఇక మన పట్నంలో అన్యాయం దాగదు" అని పెద్దలు మీసాలు దువ్వారు. నిజమే, దాగలేదు. బయటపడితే చాలు అదే పోతుందనుకున్నారు, అదీ వాళ్ళ తెలివి.

ఆ పట్నం చివర, గోరింకల బండ్లు చేరని చోట, తోళ్ళవాడ. అక్కడివాళ్ళు చెప్పులు కుడతారు, నీళ్ళు తోడే తోలు బొక్కెనలు కుడతారు. పట్నానికంతటికీ ఒకటే మంచినీళ్ళ బావి. వాళ్ళు కుట్టిన బొక్కెన ఆ బావిలో రోజూ మునుగుతుంది. వాళ్ళ చెయ్యి మాత్రం తాడును తాకరాదు. కుండలు కింద పెట్టుకుని దూరంగా నిలబడాలి. దయ పుట్టిన మారాజెవరైనా తోడి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. దయ పుట్టకపోతే ఎండలో మాడాలి. తోలుకు అంటని మైల చేతికి ఎలా అంటిందని అడిగిన పండితుడు ఒక్కడూ లేడు.

ఆ వాడలో సుంకమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమెకు పోలి ఒక్కగానొక్క కూతురు. ఆ వేసవిలో పోలికి జ్వరం తగిలింది. "అమ్మా, నీళ్ళే" అంటూ పిల్ల నాలుక పిడచగట్టుకుపోతోంది. సుంకమ్మ పొద్దున్నే కుండతో వెళ్ళి బావి దగ్గర నిలబడింది. వచ్చేవాళ్ళు వచ్చారు, తోడుకునేవాళ్ళు తోడుకున్నారు. అందరికీ తొందరే. సాయంత్రం ఖాళీ కుండతో తిరిగి వస్తూ, పెద్దిశెట్టి అరుగు మీద గోరింకను చూసి వీధిలోనే ఆగింది.

"ఓ పిట్టా! తోళ్ళవాడలో నా బిడ్డ దాహంతో అల్లాడిపోతోంది. ఒక్క కుండెడు నీళ్ళు పొయ్యమని చెప్పవే తల్లీ!"

తెల్లారేసరికి ఊరంతా విన్నది. ఊరంతా కళ్ళు ఒత్తుకుంది. ప్రతి ఇంట్లోనూ గోరింకకు "అయ్యో" అనడం నేర్పారు. ఈ ఇంటిది "అయ్యో" అంటే ఎదురింటిది "అయ్యయ్యో" అంది. రాజుగారి పేరు శూరసేనుడు. శూరత్వం పేరులోనే గాని, మనసు మాత్రం మెత్తన. ఆయనా తన బంగారు పంజరంలోని గోరింక చేత ముమ్మారు "అయ్యో" అనిపించాడు.

సుంకమ్మ ఆశగా బావికి పరుగెత్తింది. నీళ్ళు తోడుకుంటున్న ఒక ఇల్లాలు ఆమెను గుర్తుపట్టింది.

"ఆ పిల్ల తల్లివి నువ్వేనటే? విన్నప్పటి నుంచి నా గుండె తరుక్కుపోతోంది సుమా!"

"అమ్మగారూ, ఒక్క కుండ పొయ్యండమ్మా."

"ఊరంతా విన్నది కదే! ఈపాటికి ఎవరో ఒకరు పోసే ఉంటారనుకున్నాను. అవతల నాకు మడి వంటకు వేళ మించిపోతోంది" అని ఆవిడ బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

తరువాత వచ్చినవాళ్ళూ అదే మాట. అందరూ విన్నారని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ పొయ్యలేదు. సుంకమ్మ వాగులో చెలమ తవ్వి, బురదనీళ్ళు గుడ్డతో వడగట్టి పిల్ల గొంతులో పోసింది. జ్వరం ముదిరింది.

ఆమె మళ్ళీ గోరింక దగ్గరకు వచ్చింది. ఈసారి బతిమాలలేదు.

"జాలి వద్దు, తాడు ఇమ్మని చెప్పు. బావి ఎవడబ్బ సొత్తు?"

పట్నం అట్టుడికిపోయింది. "ఔను" అనే గోరింకలూ "కాదు" అనే గోరింకలూ అరిచి అరిచి ఈకలు రాల్చుకున్నాయి. రాజుగారి చెవులు చిల్లులు పడ్డాయి. ఆయన మంత్రిని పిలిచాడు.

"ప్రభూ, ఏదో ఒకటి చేసినట్టు ఉండాలి" అన్నాడు మంత్రి. చెయ్యాలని మాత్రం అనలేదు.

దండోరా వేయించారు. తోళ్ళవాడ మీద ప్రేమ ఉన్నవాళ్ళు గుమ్మానికి ఖాళీ కుండ వేలాడదీయాలట! జనం ఎగబడ్డారు. కుండలకు సున్నం బొట్లు పెట్టారు, పసుపు తాళ్ళు కట్టారు. మా కుండ పెద్దదంటే మా కుండ పెద్దదని పోటీలు పడ్డారు. పురపెద్ద గుమ్మానికి గాదెంత కుండ వేలాడింది. తాడు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ కుండల పండుగ నాడే పోలి చచ్చిపోయింది.

పిల్లకు కడసారి స్నానం చేయించడానికి కూడా సుంకమ్మ బావి దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఆనాడు మాత్రం చాలామంది పోశారు. బతికుండగా గుక్కెడు పొయ్యని చేతులు చచ్చాక బిందెలు కుమ్మరించాయి. ఆ చేతులను ఏమనాలో నాకైతే తెలియదు.

కొన్నాళ్ళకు సుంకమ్మ మూడోసారి గోరింక ముందు నిలబడింది. "వద్దే వదినా, చంపేస్తారు" అని పక్కింటామె కొంగు పట్టి లాగింది. సుంకమ్మ వినలేదు.

"రేపు పొద్దెక్కే వేళ సుంకమ్మ బావి తాడు పట్టుకుంటుంది. కొట్టేవాళ్ళు కర్రలు తెచ్చుకోండి. కొట్టడం తప్పనేవాళ్ళు వచ్చి నా పక్కన నిలబడండి. ఇంట్లో కూర్చుని అయ్యో అనేవాళ్ళు మాత్రం నోరు మూసుకోండి."

మర్నాడు ఊరంతా వచ్చింది. జాలికి కదలనివాళ్ళు తమాషాకు కదిలారు. తోళ్ళవాడ మొత్తం సుంకమ్మ వెనక నడిచింది. ఆమె వెళ్ళి తాడు పట్టుకుంది. బావి కావలివాడు కర్ర ఎత్తి పురపెద్ద వైపు చూశాడు.

పురపెద్ద మనసులో లెక్క వేసుకున్నాడు. "కొట్టు" అంటే ఆ మాట తెల్లారేసరికి కోట చేరుతుంది. గుమ్మానికి గాదెంత కుండ కట్టినవాడు నలుగురి ముందు కొట్టించడం ఎలా? ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. అంతలో ఆనాడు మడి వంటకు వేళ మించిందన్న ఇల్లాలు తలవంచుకుని వచ్చి తానూ తాడు పట్టుకుంది. సుంకమ్మ ఆవిడ మొహం చూడలేదు. కలిసి లాగారు.

బొక్కెన పైకి వచ్చింది. సుంకమ్మ వాడ పిల్లలను వరసగా నిలబెట్టి దోసిళ్ళలో పోసింది. ఆనాటి నుంచి తోళ్ళవాడ తన నీళ్ళు తానే తోడుకుంది.

ఆ సాయంత్రం గోరింకలన్నీ "గెలిచాం, గెలిచాం" అని ఒకటే గోల. పెద్దిశెట్టి వాడకు వచ్చి మరీ అన్నాడు:

"చూశావా సుంకమ్మా, నా పిట్టలు ఎంత పని చేశాయో!"

"చేశాయి శెట్టిగారూ, కాదనను. మనుషులను బావి దాకా పిలుచుకొచ్చాయి. మొదటి రోజే ఆ మనుషుల్లో ఒక్కరు కదిలుంటే, ఇవాళ నా పోలి కూడా దోసిలి పట్టేది."



మాట వెయ్యిళ్ళు తిరిగినా, చెయ్యి కదిలితే గాని ఊరు మారదు.