బుడంకాయ తన్నిన మొదటి తన్ను

ఒకప్పుడు కడుపులో బిడ్డలు కదిలేవాళ్లు కాదు. తొమ్మిది నెలలూ గప్‌చుప్. చెయ్యి ఆడించరు, కాలు జాడించరు. లోపల బిడ్డ ఉందో, గుమ్మడికాయ ఉందో, పుట్టేదాకా ఏ తల్లికీ తెలిసేది కాదు.

ఎందుకంటారా? నీళ్లమ్మమ్మ కదలనిచ్చేది కాదు. కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఉంటుంది చూడండి, ఆవిడే నీళ్లమ్మమ్మ. ఎంత ప్రేమో అంత చాదస్తం. ఏ బిడ్డ కడుపులో పడ్డా మొదటి రోజే గట్టిగా చెప్పేసేది.

"చూడు నాయనా, నువ్విక్కడ కదలకూడదు. నువ్వు కాలు జాడిస్తే మీ అమ్మకు నొప్పెడుతుంది. తెలిసిందా?"

అప్పటి బిడ్డలు మహా బుద్ధిమంతులు. మీలాగా కాదు. చెబితే వినేవాళ్లు.

ఆ రోజుల్లో మగ్గాలవాడ అనే ఊళ్లో చౌడమ్మ అని ఒకామె బట్టలు నేసేది. మొగుడు ఆ బట్టలు మూటగట్టుకుని సంతలకు తిరిగేవాడు. ఇంట్లో చౌడమ్మా, అత్త నాంచారమ్మా, ఒక గుంటమగ్గం. మగ్గం ముందు నేలలో మోకాళ్ల లోతు గుంట ఉంటుంది. అందులోకి కాళ్లు దించుకుని కూర్చోవాలి. కాళ్లకింద రెండు కర్రలు. ఒకటి తొక్కితే సగం దారాలు లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. మధ్యలోంచి అడ్డదారం మోసే నాడె పరుగెడుతుంది.

ధబ్ టక్, ధబ్ టక్, ధబ్ టక్, ధబ్ టక్. నాలుగు తొక్కులయ్యాక చౌడమ్మ ఒక్క క్షణం ఆగి, దారం ఎక్కడన్నా తెగిందేమోనని చూసుకుని, మళ్లీ మొదలుపెట్టేది. ఊళ్లో ఎవరి మగ్గం నడక వాళ్లది. చౌడమ్మది ఇది.

ఆ చౌడమ్మ కడుపులో ఒక బిడ్డ పడింది.

మొదట్లో నువ్వుగింజంత ఉంది. కళ్లు లేవు, చెవులు లేవు, ముక్కు జాడే లేదు. చిన్న గుండె మాత్రం ఉంది. అది కూడా ఇంకా పూర్తిగా తయారవలేదు, కొట్టుకోవడం మాత్రం మొదలుపెట్టేసింది.

"ఇల్లు కట్టకముందే దీపం పెట్టేసిందమ్మా ఇది!" అని నీళ్లమ్మమ్మ మురిసిపోయింది.

బిడ్డకు తిండి మోసుకొచ్చేది తాడు మామ. అదే, బొడ్డుతాడు. అమ్మ తిన్నదాంట్లోంచి బిడ్డ వాటా తెచ్చిపెట్టడం, తెచ్చినప్పుడల్లా బయటి కబుర్లు చెప్పడం, ఈ రెండే పనులు. బిడ్డకు ఇంకా చెవులు రాలేదు కదా, ఎవరికి చెబుతున్నావు అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఈమెకు చెవులు వచ్చేదాకా నా నోరు ఆగుతుందా?" అనేవాడు.

"ఏం బుడంకాయ్! ఇవాళ కూడా మీ అమ్మ చింతచిగురే తింది. పులుపు మోయలేక నా నడుం పడిపోతోంది."

తాడు మామ పిలిచిన ఆ పేరే బిడ్డకు నిలిచిపోయింది. బుడంకాయ రేగిపండంత అయింది. అప్పుడు దానికి చిన్న తోక ఉండేది. నిజంగానే! మీకూ ఉండేది, సిగ్గుపడకండి. తాడు మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మగ్గం నేసేవాళ్లింట్లో తోకేమిటి? దారాలకు చుట్టుకుంటుంది" అని మడిచి లోపలికి నెట్టేశాడు. చేతివేళ్లు బాతు కాళ్లలా ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, నీళ్లమ్మమ్మ చిక్కుదారం తీసినట్టు ఓపిగ్గా ఒక్కొక్కటీ విడదీసింది. తర్వాత గోళ్లు వచ్చాయి. ఒంటినిండా మెత్తటి నూగు వచ్చింది. బొటనవేలు నోట్లో పెట్టుకోవాలని బుడంకాయకు భలే కోరికగా ఉండేది. నీళ్లమ్మమ్మ ఊరుకుంటేగా!

ఐదో నెలలో ఒకరోజు చెవులు తెరుచుకున్నాయి.

అబ్బ, ఎన్ని చప్పుళ్లో! నెత్తిమీద ఏదో డప్పులా మోగుతోంది.

"అది మీ అమ్మ గుండె" అన్నాడు తాడు మామ.

"మరి ఆ కింద? ధబ్ టక్, ధబ్ టక్?"

"అది మీ అమ్మ మగ్గం. కాళ్లతో తొక్కుతోంది."

గుండె చప్పుడు పొద్దస్తమానం ఉండేదే కాబట్టి రెండు రోజులకే బుడంకాయ దాని సంగతి మర్చిపోయింది. మగ్గం చప్పుడంటే మాత్రం ప్రాణం. అది మొదలవగానే అమ్మ ఒళ్లంతా మెల్లగా ఊగుతుంది, నీళ్లమ్మమ్మ ఊగుతుంది, బుడంకాయ ఊగుతుంది. మగ్గం నడుస్తోందంటే అమ్మ ఉంది, అమ్మ బాగుంది. అంతకంటే బుడంకాయకు కావలసిందేముంది? హాయిగా నిద్రపోయేది.

ఆరో నెల వచ్చింది. ఒక పొద్దున మగ్గం ఉన్నట్టుండి ఆగింది.

"అత్తా," అంది చౌడమ్మ, "లోపల ఉందంటావా?"

"ఉండక ఎక్కడికి పోతుందే?" అంది నాంచారమ్మ.

"ఉంటే ఏదో ఒకటి తెలియాలి కదత్తా. మాట లేదు, పలుకు లేదు. రాయి మోస్తున్నట్టుంది. నాకు భయమేస్తోంది."

"పిచ్చిదానా, మాకు మాత్రం ఎవరికి తెలిసింది? పుట్టేదాకా అందరిదీ అదే బతుకు." నాంచారమ్మ అలా అంటూనే కోడలి చేతిలోంచి నాడె తీసి పక్కన పెట్టింది. "అయినా నువ్వు రోజంతా ఆ కర్రలు తొక్కడం నాకు నచ్చలేదు. లే. ఇంక మగ్గం వద్దు. కాలు కిందపెట్టకుండా పడుకో."

మగ్గం గుంట మీద చెక్క పడింది. దబ్‌మని ఆ చప్పుడు బుడంకాయకు వినపడింది.

చౌడమ్మ పడుకుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఉన్నావా నాన్నా?" అని మెల్లగా అడిగింది. "ఉంటే ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఏదో ఒకటి చెయ్యి."

"అమ్మమ్మా, అమ్మ నన్నే పిలుస్తోంది!" అంది బుడంకాయ.

"వినపడింది. అయినా వద్దు నాయనా. మీ అమ్మ అసలే సన్నటి మనిషి, తట్టుకోలేదు."

బుడంకాయకు పళ్లు లేవు కనక చిగుళ్లు బిగపట్టుకుని ఊరుకుంది.

మర్నాడూ మగ్గం మోగలేదు. ఊపు లేదు. తాడు మామ దాదాపు ఖాళీ చేతులతో వచ్చాడు. "ఇవాళ గుక్కెడు గంజే దొరికింది బుడంకాయ్. మీ అమ్మ కంచం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మీ నాయనమ్మ బతిమాలుతోంది, వినడం లేదు."

మూడో రోజు ఆ గంజీ లేదు.

బుడంకాయకు ఆకలేసింది. ఆకలికంటే భయం ఎక్కువగా వేసింది. చెవులు రిక్కించి విన్నది. మగ్గం లేదు, మాట లేదు. గుండె చప్పుడు మాత్రం ఎక్కడో దూరంగా, నీరసంగా వినపడుతోంది.

"మామా, అమ్మ ఉందా?"

తాడు మామ ఏమీ చెప్పలేదు. ఆయన నోరు మూతపడటం అదే మొదటిసారి.

అంతలో పైనుంచి వెక్కిళ్లు వినపడ్డాయి. అమ్మ ఏడుస్తోంది.

"అమ్మమ్మా, నేను కదులుతాను" అంది బుడంకాయ.

"నొప్పెడుతుందే!"

"ఇప్పుడు నొప్పి లేకపోతే ఎందుకేడుస్తోంది?"

నీళ్లమ్మమ్మ ఎన్ని వేలమంది బిడ్డల్ని పెంచిందో, ఈ మాట ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆవిడ మెల్లగా పక్కకు జరిగి, బుడంకాయ కాలికి కాస్త చోటిచ్చింది.

బుడంకాయ ఎడమకాలు మడిచింది. ఎలా తన్నాలి? ఎవరు నేర్పారు గనక! దానికి తెలిసిన కాలి పని ఒకటే. అమ్మ మగ్గం తొక్కినట్టు ఒక్క తొక్కు తొక్కింది.

ధబ్.

బయట ఏడుపు ఆగింది. "అత్తా! పొట్టలో ఏదో కదిలింది."

"కదలక? మూడు రోజుల్నుంచి తినకపోతే పేగులు గోలపెట్టవూ!" అంది నాంచారమ్మ.

"పేగులా!" బుడంకాయకు రోషం వచ్చింది. ఈసారి రెండు కాళ్లూ ఎత్తింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఎడమ, కుడి, ఎడమ, కుడి. మళ్లీ ఆగింది.

చౌడమ్మ చటుక్కున లేచి కూర్చుంది.

"అత్తా... అత్తా, ఇవి పేగులు కావు. నాలుగు తొక్కులు, ఆగడం. నాలుగు తొక్కులు, ఆగడం. ఇది నా మగ్గం నడక! బిడ్డ ఉంది అత్తా! లోపల కూర్చుని నా మగ్గం వింటోంది!"

నాంచారమ్మ పరుగెత్తుకొచ్చి కోడలి పొట్టమీద చెయ్యి పెట్టింది. బుడంకాయ మంచి ఊపులో ఉందేమో, ఆ చేతి మీదే ఫెడీమని తన్నింది.

"అమ్మ బాబోయ్! నాయనమ్మనే తన్నిందే, దొంగముండ!" నాంచారమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ముగ్గుర్ని కన్నానే చౌడీ. తొమ్మిదేసి నెలలు మోశాను. ఒక్కరన్నా నన్ను ఇలా పలకరించలేదే."

చౌడమ్మ ఆవిడ చెయ్యి తియ్యనివ్వలేదు. కాసేపటికి చౌడమ్మ అంది, "అత్తా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

తాడు మామ అవస్థ చూడాలి! వేడన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పైన ఇంత నెయ్యి. "జరగండి జరగండి" అని అరుచుకుంటూ, ఒగర్చుకుంటూ ఒకటే పరుగులు. పోయిన నోరు కూడా తిరిగొచ్చింది.

"అమ్మాయికి నొప్పెట్టిందా?" అని నీళ్లమ్మమ్మ తాడు మామను బెరుగ్గా అడిగింది.

"నొప్పా! ఇంకోసారి తన్నమ్మా, ఇంకోసారి తన్నమ్మా అని బతిమాలుతోంది. మీ చాదస్తంతో ఎంతపని చేశారు!"

నీళ్లమ్మమ్మ సిగ్గుపడింది. "పోనీలేవే, ఇంక నీ ఇష్టం" అని బుడంకాయ బొటనవేలు తనే పట్టుకుని నోట్లో పెట్టింది.

మర్నాడు గుంట మీద చెక్క లేచింది. చౌడమ్మ తన ఓపిక ఉన్నంతసేపే నేసింది. ఆ ఊపుకు బుడంకాయ వేలు చీకుతూ నిద్రపోయింది. మధ్యాహ్నం చౌడమ్మ అన్నం తిని అలా చాప మీద వాలిందో లేదో, బుడంకాయకు మెలకువ వచ్చేసింది. మగ్గం లేదు! ఊపు లేదు! ఆ మూడు రోజులూ గుర్తొచ్చాయి. గబగబా తన్నింది.

అమ్మా, ఉన్నావా?

పొట్ట మీద వెచ్చగా అమ్మ చెయ్యి పడింది. "ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నా."

రోజూ ఇదే తంతు. పనిచేసినంతసేపూ నిద్ర, పడుకోగానే తన్నులు. ఆ చెయ్యి వచ్చి తగిలేదాకా బుడంకాయ ఊరుకునేది కాదు.

నెలలు నిండాయి. బుడంకాయ తల కిందికి తిప్పుకుని బయల్దేరింది. దానికంటే ముందు నీళ్లమ్మమ్మ గబగబా బయటికొచ్చేసింది. ఎందుకంత తొందర? ఆవిడకు లోకమంతా చుట్టాలే. బావినీళ్లు, ఏటినీళ్లు, వాన, మంచు, అందరూ ఆవిడ వాళ్లే. నేలలోకి ఇంకి, ఏట్లో కలిసి, మబ్బెక్కి, ఊరూరా కురిసి, ప్రతి తల్లి కడుపులోనూ తన మాటే పాటిస్తున్న నీళ్లకు కబురు చెప్పింది. "ఇన్నాళ్లూ నేను తప్పు చెప్పానర్రా. బిడ్డల్ని కదలనివ్వండి. వాళ్లు కదిలితేనే తల్లులకు ప్రాణం లేచొస్తోంది."

అప్పటినుంచే కడుపులో బిడ్డలు కాలు కదపడం మొదలైంది. అమ్మ నడుస్తున్నంతసేపూ, పనిచేస్తున్నంతసేపూ ఆ ఊపుకు నిద్రపోతారు. అమ్మ కాస్త నడుం వాల్చగానే ఉలిక్కిపడి లేచి తంతారు. మీరూ తన్నారు, కావాలంటే మీ అమ్మనడగండి. 'నేనున్నాను' అని బిడ్డ చెబుతోందని తల్లులు అనుకుంటారు. పాపం, బిడ్డకు అమ్మ ఉందో లేదో తెలియక అడుగుతుంది. అందుకే కడుపులో తన్ను తగలగానే, ఏ తల్లి చెయ్యి అయినా సరే, చేస్తున్న పని వదిలేసి తనంతట తానే పొట్ట మీదికి వెళుతుంది.