కొండ మీద వాలిన ఈగ

అనగనగా, సముద్రం ఊళ్ళకి ఇంకా కాస్త దగ్గరగా ఉన్న రోజుల్లో, లవణపురి అనే రాజ్యం ఉండేది. చాపలా చదునైన నేల. ఎటు చూసినా ఉప్పుమడులే. అక్కడ అన్నిటికన్నా ఎత్తయినది రాజుగారి మేడ. దాని తర్వాత ఉప్పు కుప్ప.

ఒకనాడు కంబళ్ళు అమ్ముకునే వర్తకుడొకడు సభకు వచ్చి, "మహారాజా! ఉత్తరాన కొండలున్నాయి. పాలలా తెల్లగా ఉంటాయి. మబ్బులు వాటి నడుము దగ్గరే ఆగిపోతాయి" అన్నాడు.

రాజు లవణసేనుడు పకపకా నవ్వాడు. "నా మేడకంటే ఎత్తా? కళ్ళతో చూస్తే గాని నమ్మను!"

రాజుగారి దగ్గర ఓడ మీద వచ్చిన వింత పెట్టె ఒకటుంది. ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టే గాజుపలక మీద బొమ్మ కట్టే పెట్టె. పలక మాత్రం ఏడాదికి ఒక్కటే వచ్చేది. ఉప్పుమడుల పోలయ్య కూతురు నూకాలు, మేడ ఊడవడానికి వచ్చి, చూసి చూసి, ఆ పెట్టె గుట్టు నేర్చుకుంది. రాజు ఆమెనే పిలిచి, "వెళ్ళి ఆ కొండను పట్టుకురా" అన్నాడు.

నూకాలు ఉప్పు మోసే కంచరగాడిదనెక్కి, నెల రోజులు ప్రయాణం చేసి, కొండ ముందు నిలబడింది. నోరు తెరిచింది. మూయడం మరిచిపోయింది. ఎంత తెలుపు! ఎంత ఎత్తు! ఆ పైన ఎవరుంటారో? అక్కడి గాలి ఏ వాసన వేస్తుందో?

"ఇంత అందం పక్కన ఈ గాడిద ఎందుకు?" అనుకుని, దాన్ని అవతలికి తోలింది. కొండ ఒక్కటే కనబడేలా బొమ్మ తీసింది.

రాజు ఆ బొమ్మను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదేమిటి? ఉప్పు కుప్ప కదూ!" సభంతా గొల్లుమంది.

రెండో ఏడు నూకాలు ఇంకా పైకెక్కింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. గాడిదను తోలింది. గొర్రెల్ని తోలింది. దారిలో ఉన్న రాతి గుడిసె కూడా కనబడకుండా తనే పక్కకు జరిగింది. పలక నిండా శిఖరమే.

మంత్రి చూసి గడ్డం నిమురుకున్నాడు. "ఈ ఏడు ఉప్పు బాగా పండినట్టుంది మహారాజా! కుప్ప పెరిగింది."

రాజు ఈసారి నవ్వలేదు. "నూకాలూ! మీ పెరట్లో కుప్పను బొమ్మ తీసి నన్ను ఆడిస్తున్నావా? ఇంకొక్క ఏడు చూస్తాను. మళ్ళీ ఉప్పే తెస్తే పెట్టె లాక్కుంటాను. నువ్విక పొలిమేర దాటకూడదు!"

నూకాలుకి గుండె జారిపోయింది. అబద్ధాలకోరన్న పేరు ఒక ఎత్తు. ఆ కొండను ఇక చూడలేకపోవడం ఒక ఎత్తు. ఉప్పు లాగుతున్నా ఆమె చూపు ఉత్తరానికే పోయేది. తెల్లమబ్బు లేస్తే చాలు, అదేనేమో అని లేచి నిలబడేది.

మూడో ఏడు వచ్చింది. కొండ దగ్గర తెల్లవారింది. మబ్బు తెర పక్కకు జరిగింది. నూకాలు పెట్టె సర్దుకుని, అలవాటుగా "హేయ్, అవతలికి పో!" అని అదిలించింది.

కంచరగాడిద కదల్లేదు. చెవులు నిక్కించి మాట్లాడింది.

"ఏమమ్మా! మూడేళ్ళుగా నిన్ను మోసుకొస్తున్నాను. బొమ్మ వేళకి మాత్రం పొమ్మంటావు. నేనేం పాపం చేశాను?"

నూకాలు ఉలిక్కిపడింది. "కోప్పడకే! నువ్వుంటే కొండ గొప్ప తగ్గిపోదూ?"

"తగ్గుతుందా? మరి మీ నాన్న తన కుప్ప ఎంత పెద్దదో ఎలా చెబుతాడు?"

"అదెంత పని! పక్కన నిలబడతాడు. మోకాలి దాకా వచ్చింది, భుజం దాకా వచ్చింది అని..."

నూకాలు మాట మధ్యలోనే ఆగిపోయింది. లవణపురిలో పక్కన మనిషి నిలబడకపోతే కుప్పకు కొలతే లేదు. మరి తను ఈ కొండ పక్కన ఎవరిని నిలబెట్టింది?

"వెళ్ళవే నా తల్లీ! ఆ కొండ కాళ్ళ దగ్గర నిలబడు!"

"ఓహో, ఇప్పుడు తల్లినయ్యానా?" అంటూ కంచరగాడిద నడిచింది. పోగా పోగా గొర్రెంతయింది. పిల్లి అంతయింది. చీమంతయింది. నూకాలు మీట నొక్కింది.

సభలో రాజు బొమ్మ అందుకుని ముఖం చిట్లించాడు. "మళ్ళీ అదే కుప్ప! పైగా దీని మీద ఈగొకటి." వేలితో తోలాడు. ఈగ ఎగరలేదు. మళ్ళీ తోలాడు. కదల్లేదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. నాలుగు కాళ్ళు. రెండు చెవులు. వీపు మీద కంబళి.

"ఇది... ఇది నువ్వెక్కిన కంచరగాడిదా?"

"అవును ప్రభూ. ఆ వాకిట్లో కట్టేశాను."

రాజు కిటికీలోంచి దాన్ని చూశాడు. పక్కన నిలబడ్డ భటుడి భుజం దాకా ఉంది. మళ్ళీ బొమ్మ చూశాడు. ఆ చెవుల దగ్గర మొదలైన చూపు మెల్లగా పైకి పాకింది. రాళ్ళు దాటింది, మబ్బు దాటింది, మంచు మీదికి పోయింది. తెలియకుండానే బొమ్మను పైకెత్తాడు. తల వెనక్కి వాలింది. కిరీటం జారి, నేల మీద గలగలా దొర్లింది.

ఎవరూ నవ్వలేదు. మంత్రి కిరీటం తెచ్చి ఇవ్వబోయినా రాజు తీసుకోలేదు.

"నూకాలూ, నన్నూ తీసుకుపోతావా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"నాదేముంది ప్రభూ! మోసేది అది. దాన్నే అడగండి."

రాజు మెట్లు దిగి వెళ్ళి అడిగాడట. కంచరగాడిద కాసేపు బెట్టు చేసి, సరేనందట.

కాబట్టి పిల్లలూ, చిన్నవాళ్ళను పక్కన నిలబెట్టుకుంటేనే గొప్పదాని ఎత్తు తెలుస్తుంది. వాళ్ళను తోలేస్తే ఎంత కొండైనా ఉప్పు కుప్పలాగే కనబడుతుంది.