మేకమ్మ నెగ్గించిన తీర్మానం

తుమ్మలవాగు జంతుసభలో అంతవరకూ అందరూ మగ సభ్యులే. ఆ ఏడు తల్లులంతా పట్టుబట్టి మేకమ్మను గెలిపించి పంపారు. ఆమెకు ఒప్పజెప్పిన పని ఒకటే. వాగులో లోతులేని రేవు దున్నపోతు పొర్లడానికే చాలడం లేదు. పిల్లలేమో ఎత్తు గట్టు మీంచి వంగి తాగబోయి జారిపడుతున్నారు. పొద్దుటిపూట ఆ రేవు పిల్లలకు వదలాలని తీర్మానం చేయించాలి. కిందటి వేసవిలో మేకమ్మ పెద్దకూతురు పోయింది ఆ గట్టు మీంచే. జారినవాళ్లు తేలేది కింది మలుపులో. సభానాయకుడు నక్క కాపురం కూడా అక్కడే.

"మేకకు సభేమిటి? నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం!" అన్నాడు దున్నపోతు.

నక్క దగ్గాడు. ఆపైన మేకమ్మతో మర్యాదగా, "మీ తీర్మానం తప్పక తీసుకుందామమ్మా, చివర్లో," అన్నాడు.

చివరంటే సరిగ్గా పిల్లల పాలవేళ. మేకమ్మ ఇంటికి పరిగెత్తేది. ఆమె సభలో లేదు గనక తీర్మానం మూలబడేది. ఇలా మూడుసార్లయింది. 'అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. వీడి వరసే ఇది' అని మేకమ్మకు ఒళ్లు మండింది.

నాలుగోసారి తన పాలుతాగే కవలలిద్దరినీ వెంటబెట్టుకునే వచ్చింది.

"అధ్యక్షా! సభలోకి పసివాళ్లా?" నక్క లేచాడు.

అధ్యక్షుడు తాబేలు తీరిగ్గా మెడ చాచాడు. "రాకూడదని నియమమేదీ రాసుకోలేదే నాయనా!"

పాలవేళ కాగానే కవలలు పొదుగు కుమ్మడం మొదలుపెట్టారు. మేకమ్మ నిలబడే పాలిస్తూ, "అధ్యక్షా, నా తీర్మానం," అంది.

పొట్టేలు మొహం తిప్పుకున్నాడు. అడవిపంది నేలచూపులు చూశాడు. నక్కకు అదను దొరికింది.

"పరువుగల మగవాళ్లం, ఇది చూస్తూ కూర్చుంటామా? లేవండి! సిగ్గుపడి తనే పోతుంది."

తాబేలు తప్ప అందరూ బిలబిలమంటూ బయటికి నడిచారు.

మేకమ్మకు సిగ్గేసింది, అబద్ధమెందుకు. అయినా కాలు కదపలేదు. "ఓటు పెట్టండి అధ్యక్షా! పెద్దదాన్ని పోగొట్టుకున్నాను. వీళ్లనూ పోగొట్టుకోలేను."

ఆ సభలో ఓటంటే తోక ఎత్తడం, ఉన్నవాళ్ల తోకలే లెక్క.

"అనుకూలం?" అన్నాడు తాబేలు. మేక తోక ఎప్పుడూ లేచే ఉంటుంది.

"వ్యతిరేకం?" లోపల ఇంకో తోకే లేదు.

"నెగ్గింది!"

నక్క ఉరుక్కుంటూ లోపలికొచ్చాడు. "ఒక్క తోకతోనా? అన్యాయం!"

"ఎదురుతోక ఒక్కటీ లేదయ్యా. అందర్నీ బయటికి తీసుకుపోయింది నువ్వేగా?" అన్నాడు తాబేలు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు రేవులోకి దిగి కడుపునిండా తాగారు. దున్నపోతు గొణుక్కుంటూ గట్టున నిలబడ్డాడు. కింది మలుపులో నక్క మధ్యాహ్నం దాకా నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎండుటాకులు తప్ప ఏమీ కొట్టుకురాలేదు.

పరువంటూ పీట వదిలి లేచినవాడికి విస్తరి మిగలదు.