నీలినీళ్లకు బందెలదొడ్డి

పరాయి చేలో పడ్డ పశువుల్ని బందెలదొడ్డిలో కట్టేసి కాపలా కాయడం అచ్చియ్యమ్మ పని. సొంతదారు స్వయంగా వచ్చి తోలుకుపోవాలి. నాదని ఎవరూ రాకపోతే ఆ పశువు దివాణానికి పోతుంది.

ఆ ఊరి వాగుకు ఎగువన రాజుగారి బావమరిది నరసరాజు నీలిమందు తొట్లు పెట్టి, కుళ్లిన నీళ్లన్నీ వాగులోకి వదిలేవాడు. దిగువన నారుమళ్లు మాడిపోయాయి, ఆవుల మూతులు నీలంగా మారాయి. రైతులు వెళ్లి మొత్తుకుంటే, "నా నేల, నా తొట్టి, నా ఇష్టం," అన్నాడు.

ఆ మాట చెవినబడగానే అచ్చియ్యమ్మ చేలల్లో నిలిచిన నీలినీళ్లను నలభై కుండలకు ఎత్తించి, దొడ్డిలో పెట్టి తాళం వేసి, స్వయంగా దొడ్డికి రమ్మని నరసరాజుకు కబురంపింది. ఆమెకు శిక్ష వేయించాలని అతను ఏకంగా రాజుగారినే వెంటబెట్టుకొచ్చాడు.

"మీ సొత్తు బాబూ. పరాయి చేలల్లో పడి మేస్తుంటే పట్టుకొచ్చాను. తోలుకుపోండి," అంది అచ్చియ్యమ్మ.

నరసరాజు ముక్కు మూసుకున్నాడు. "ఈ కంపు నీళ్లు నావి కావు."

ఆమె రాజుగారి వైపు తిరిగింది. "దూడ తనది కాదంటున్నారు ప్రభూ. అలాంటప్పుడు దాన్ని ఈనిన ఆవు మాత్రం తనదెలా అవుతుంది? ఆ తొట్లను కూడా దివాణానికి తోలించండి."

రాజుగారు తలూపబోయారు.

"నావే, నీళ్లు నావే," అన్నాడు నరసరాజు గబగబా.

"అయితే ఇకనుంచి మీ నేలలోనే కట్టేసుకోండి బాబూ," అంటూ ఆమె తాళం తీసింది. "కుండలు మాత్రం ఊరివి. పొద్దుగూకేలోపు కడిగి తెచ్చివ్వండి."