ఫొటోలో లేని వైపు

పోయినేడు పోటీలో నజీమా చేసిన నమూనా రాకెట్‌ని గుమ్మంలోనే వెనక్కి పంపేశారు. అసలు రాకెట్ ఎలా ఉందో నమూనా అచ్చం అలాగే ఉండాలి, నీ దాని రెక్కలు లావయ్యాయి పొమ్మన్నారు. పిల్లకి అన్నం సయించలేదు. ఈ ఏడు పంతం పట్టి కూర్చుంది.

"ఇప్పుడు వంక పెట్టమనండి మాస్టారూ!" అంటూ కొత్త నమూనాని బల్ల మీద నిలబెట్టింది.

ఫ్రాన్సిస్ మాస్టారి దగ్గర ఈ విద్య నేర్చుకునేవాళ్లకి ఒక కట్టుబాటుంది. ఆయన సరేనన్నాకే పోటీకి పెట్టె కట్టాలి. మధ్యాహ్నం బస్సుకి నజీమా వెళ్లాలి.

మాస్టారు అసలు రాకెట్ ఫొటో పక్కన పెట్టుకుని చూశారు. ఎప్పుడో ఎగిరిన పాత రాకెట్ అది. ఎంత వెతికినా ఆ ఒక్క ఫొటోయే దొరికింది. ముక్కు వంపు, చారల వెడల్పు, రివెట్ల వరస... అన్నీ ఉన్నవున్నట్టు దిగాయి.

"చెయ్యి తిరిగిందమ్మా నీకు," అంటూ నమూనాని వెనక్కి తిప్పారు.

అటువైపు బుల్లి తలుపు. దాని చుట్టూ ఆవగింజలంత మరలు. ముందువైపు కన్నా అదే ముద్దొస్తోంది.

"ఈ తలుపు ఎక్కడ చూశావు?"

"చూళ్లేదు మాస్టారూ. లోపల పరికరాలు పెట్టాలంటే తలుపు ఉండాలిగా! ఖాళీగా వదిలేస్తే బోసిగా ఉంటుందని నేనే పెట్టాను. వారం పట్టింది."

మాస్టారు ఫొటో తీసి, బోర్లించి, ఆమె ముందుకి జరిపారు.

"ఇందులో చూపించు."

నజీమా నవ్వేసింది. "భలేవారే! ఫొటో వెనకాల ఏముంటుంది, తెల్లకాగితం తప్ప?"

మాస్టారు నవ్వలేదు.

"తలుపు లేదని మీకు మాత్రం తెలుసా?" అంది ఉక్రోషంగా.

"తెలీదు."

"మరి?"

"నీకు తెలుసా?"

నజీమా ఆ తెల్లకాగితం వంక చూసింది. తర్వాత గరుకు కాగితం అందుకుని తలుపుని అరగదీసింది. వారం రోజుల పని పొడిపొడిగా ఒళ్లో రాలింది. మాస్టారు రంగు కలిపిచ్చారు.

మర్నాడు పోటీ గుమ్మం దగ్గర పరిశీలకుడు కొలతలన్నీ చూసి, నమూనాని వెనక్కి తిప్పాడు.

"ఇటువైపు ఏమీ పెట్టలేదేం?"

"అటువైపు ఎలా ఉండేదో నాకు తెలీదండీ," అంది నజీమా తలెత్తి.

ఆయన లోపలి బల్ల మీద చోటు చూపించాడు.