శౌరమ్మ పోసిన గంజి తేట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఊరు కాదులే, గోదారి మధ్య ఒక లంకలో, శౌరమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను. ఆ లంకలో ముప్పై ఇళ్ళు, అందరూ మనలాగా కతోలిక్కులే. చిన్న గుడి ఉంది గానీ ఫాదర్‌గారు లేరు. నెలకోసారి పడవ మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు.

మరి ఫాదర్‌గారు లేనప్పుడు పసిబిడ్డ ప్రాణం మీదికొస్తే ఎలా? అప్పుడు ఎవరైనా సరే, బిడ్డ తల మీద నీళ్ళు పోసి, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అనొచ్చు. మఠంలో సిస్టర్‌గారు శౌరమ్మకి ఇది నేర్పి, ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పింది. పాలు కాదు, కొబ్బరినీళ్ళు కాదు, పోసేది నీళ్ళే అయ్యుండాలి.

ఆ లంకలోనే అంతోనమ్మ అని ఒక తల్లి. ఆవిడకి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టి, నీళ్ళు పోసేలోపే పోయింది. పేరు కూడా పెట్టలేదు. జ్ఞానస్నానం లేని బిడ్డ ఎప్పటికీ చీకట్లోనే ఉండిపోతుందని ముసలమ్మలు ఆవిడతో అన్నారు. పచ్చి బాలింతరాలితో అనే మాటేనా అది? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పట్నుంచి అంతోనమ్మ ఆ బిడ్డ ఊసెత్తలేదు. దీపం లేని గదిలో అడుగుపెట్టేది కాదు.

కొన్నేళ్ళకి రెండో కాన్పు వచ్చింది. మళ్ళీ ఆడపిల్లే. ఒళ్ళంతా నీలంగా పుట్టింది, ఏడవలేదు. శౌరమ్మ వీపు తట్టింది, అరికాళ్ళు రుద్దింది. అయినా ఏడవలేదు. నీళ్ళు పొయ్యవే, నీళ్ళు పొయ్యవే అని అంతోనమ్మ మంచం మీంచి ఒకటే మొత్తుకుంటోంది. శౌరమ్మ చేతికందిన చెంబు తీసి, బిడ్డ నెత్తిన పోసి, ఆ మాటలు పలికింది. అప్పుడు బిడ్డ కేరుమంది.

అందరూ ఏడ్చారు, నవ్వారు. శౌరమ్మ ఒక్కతే చెంబులోకి చూసింది. అది పొద్దున అన్నం వార్చి పక్కన పెట్టిన గంజి. చల్లారి, పైన తేటగా తేరుకుని, అచ్చం నీళ్ళలాగే ఉంది. బిడ్డ నుదుటి మీద ఒక మెతుకు కూడా అంటుకుని ఉంది. శౌరమ్మ దాన్ని కొంగుతో తుడిచేసింది. ఇంక నా బిడ్డకి భయం లేదని అంతోనమ్మ కళ్ళు మూసుకుంటే, నిజం చెప్పడానికి శౌరమ్మకి నోరు రాలేదు. నిజం దాచడం అది మొదటిసారి.

ఆ తర్వాత ఫాదర్‌గారు వచ్చారు. బిడ్డకి లూర్దు అని పేరు పెట్టారు. ఇంట్లో జ్ఞానస్నానమైన బిడ్డకి గుళ్ళో తైలం పూసేముందు, నీళ్ళు పోసినవాళ్ళని పిలిచి అడగడం వాళ్ళ పద్ధతి. ఏం మాటలన్నావు, ఏం పోశావు అని అడిగారు. పక్కనే అంతోనమ్మ బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. శౌరమ్మ ఆవిడ వంక చూడకుండా "మంచినీళ్ళేనండీ," అంది. గుళ్ళో, ఫాదర్‌గారి ముందు, అబద్ధం! పాపం పెట్టుకుని తీసుకోకూడదని ఆ రోజు ఆవిడ సత్ప్రసాదానికి లేవలేదు. కాలు బెణికిందని ఇంకో అబద్ధమాడింది. నిజం దాచడం అది రెండోసారి.

అప్పట్నుంచి శౌరమ్మకి అన్నం వార్చిన గంజి కంటబడితే చాలు, మొహం తిప్పేసుకునేది. బిడ్డ తుమ్మితే పరిగెత్తేది. అంతోనమ్మేమో, నా బిడ్డంటే నీకెంత ప్రాణమే అని మురిసిపోయేది. ఆ మాటకి శౌరమ్మ ఇంకా కుంగిపోయేది.

మూడు నెలలకి గోదారికి వరదొచ్చింది. అప్పుడే లూర్దుకి జ్వరం కాసి ఫిట్సొచ్చాయి. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. అంతోనమ్మ, శౌరమ్మ బిడ్డని తీసుకుని పడవెక్కారు. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి, చెట్లు కొట్టుకొస్తున్నాయి, పడవ ఊగిపోతోంది. నడి గోదారిలో బిడ్డ కళ్ళు తేలేసింది. భయమేస్తోందా? నా చెయ్యి పట్టుకో.

చెబితే అంతోనమ్మ గోదాట్లో దూకేస్తుందేమోనని భయం. చెప్పకపోతే బిడ్డ జ్ఞానస్నానం లేకుండానే పోతుందేమోనని భయం. శౌరమ్మ ఇక తట్టుకోలేకపోయింది.

"ఒసే అంతోనమ్మా, ఆవేళ నేను పోసింది నీళ్ళు కాదే, గంజి. నీకు చెప్పలేక దాచాను. నన్నేమైనా చెయ్యి, ముందు బిడ్డనిలా పట్టు."

పడవవాడు తెడ్డు ఆపేశాడు. అంతోనమ్మ శౌరమ్మ వంక చూసింది, నీళ్ళ వంక చూసింది. ఆ తర్వాత బిడ్డని ముందుకి పట్టింది. శౌరమ్మ దోసిట్లో గోదారి నీళ్ళు తీసి, అనుమానమొస్తే అనమని సిస్టర్‌గారు నేర్పిన మాట ముందు చేర్చి పోసింది. "లూర్దూ, నీకిదివరకు జ్ఞానస్నానం అయ్యుండకపోతే..." బురదనీళ్ళయినా నీళ్ళే కదా.

కాసేపటికి అంతోనమ్మ అడిగింది. "ఈ మూడు నెలలూ నా బిడ్డ ఎవరి చేతుల్లో ఉన్నట్టు?"

"దేవుడి చేతుల్లోనే. తప్పు నాదైతే పసిదాన్ని ఆయనెందుకు వదిలేస్తాడే?" అంది శౌరమ్మ.

పడవ ఒడ్డు చేరింది. ఆసుపత్రిలో సూది మందు వేశారు, మూడో రోజుకి జ్వరం దిగింది. బతికిందిలే, నిమ్మళంగా ఉండు.

ఆ తర్వాత ఫాదర్‌గారు రాగానే శౌరమ్మ మోకరించి, తన తప్పు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంది. ఆయనేమన్నారో నన్నడక్కు, అది ఎవరికీ చెప్పరు. ఆవిడ లేచాక అంతోనమ్మ వెళ్ళింది. గంజి పోసినా నా చిన్నదాన్ని దేవుడు వదల్లేదు కదండీ, మరి ఏమీ పొయ్యని నా పెద్దది ఎక్కడుందండీ అని అడిగింది.

ఫాదర్‌గారు ఇలా అన్నారు. "నేను చూసి రాలేదమ్మా. కానీ జ్ఞానస్నానం ఆయన మనకిచ్చిన వరం. దాంతో ఆయన తన చేతులు కట్టేసుకోలేదు, అది అందని బిడ్డనీ ఎత్తుకోగలడు. ఆయన కనికరాన్ని నమ్ముకో."

అంతోనమ్మ అక్కడే కూలబడి, పోయిన బిడ్డ కోసం అన్నేళ్ళకి మొదటిసారి బావురుమంది. ఆ సాయంత్రం జపమాల చెప్పుకునేముందు బిడ్డల్ని పేరుపేరునా దేవుడికి అప్పజెప్పింది. చిన్నది లూర్దు. పెద్దది ఆగ్నేసు. అంతవరకూ ఆ బిడ్డకి పేరు లేదు మరి.

కథేమో కంచికెళ్ళింది,
పడవేమో రేవుకొచ్చింది,
మనమేమో మంచమెక్కాం.