కాగితం మీద లేని కొడుకు

గుంటూరుకు గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణంలో, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో దస్తావేజులు రాసుకునే శరభయ్య అనే ఆయన ఉండేవాడు; ఎదుటివాళ్ళు చెప్పాల్సిన మాట కూడా తానే చెప్పేయడం ఆయనకున్న పెద్ద జబ్బు.

పనిలో మాత్రం దిట్ట. భూమి అమ్మేవాళ్ళను లోపలికి పంపేముందు షెడ్డులో నిలబెట్టి పాఠం చెప్పేవాడు. "సారు ఏమడిగినా తడుముకోవద్దు. నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసిచ్చాను అనండి. అంతకు మించి నోరు తెరిస్తే పని చెడుతుంది" అనేవాడు. వాళ్ళు అలాగే అనేవాళ్ళు, పని అయిపోయేది. పాతికేళ్ళు అలా నడిచేసరికి, కాగితం మీద లేనిది లోకంలోనూ లేనట్టేనని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. ఇంట్లోనూ అదే వరస. భార్య తాయారుకు తలనొప్పి వస్తే, ఎక్కడ నొప్పో ఎంత నొప్పో డాక్టరుకు ఈయనే చెప్పేవాడు. ఆవిడ పక్కన కూర్చుని తలూపేది, పాపం!

వాళ్ళకు ఇద్దరు పిల్లలు పుట్టారు, ప్రసూన, చిన్నా. ప్రసూనకు పదిహేనేళ్ళున్నప్పుడు ఒక సాయంత్రం తమ్ముణ్ణి ట్యూషన్ నుంచి తీసుకురావడానికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. తొమ్మిదేళ్ళవాడు ఎంతసేపని ఆగుతాడు? తానే రోడ్డు దాటబోయాడు. కంకర లారీ వచ్చింది. ఆస్పత్రి వరండాలో, బంధువులందరూ వింటుండగా, శరభయ్య కూతురి వైపు తిరిగి, "వాడి బదులు నువ్వు పోయినా బాగుండేదే!" అన్నాడు.

కడుపుకోతలో నోరు జారాడు, నిజమే. కానీ ఆ మాటను తర్వాత ఒక్కసారైనా వెనక్కి తీసుకున్నాడా? లేదు. అసలు ఆ ఊసే ఎవరూ ఎత్తకూడదన్నాడు. చిన్నా ఫోటోలు బీరువాలోకి పోయాయి. ఇల్లు మారారు. కొత్త వీధిలో ఎవరైనా అడిగితే, "మాకు ఒక్కతే అమ్మాయండీ" అనేవాడు. అది విన్నప్పుడల్లా తాయారు వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకునేది.

ప్రసూన ముందు మాట తగ్గించింది. తర్వాత తిండి తగ్గించింది. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. రెండేళ్ళు తిరిగేసరికి పిల్ల చీపురుపుల్లలా తయారైంది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడి వచ్చేది. కాలేజీలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్షలన్నీ చేసిన డాక్టరు, "ఇది కడుపులో జబ్బు కాదు, మనసులోది. ఇలాగే తినకుండా ఉంటే పిల్ల దక్కదు. ఆలస్యం చెయ్యొద్దు" అని, గుంటూరులో షమీమ్ అనే సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళమన్నాడు.

శరభయ్యకు భయం పట్టుకుంది. కూతురంటే ప్రేమ లేక కాదు. బయల్దేరే రోజు పొద్దున్నే తెల్లకాగితం ముందేసుకుని, గుండ్రని అక్షరాలతో ఆ పిల్ల జబ్బు చరిత్రంతా రాశాడు. చదువు ఒత్తిడి అన్నాడు, ఫోను ఎక్కువ చూస్తుందన్నాడు. సంతానం అన్నచోట 'ఒక్క కుమార్తె' అని రాశాడు.

తాయారు అది చూసి, "ఏమండీ, బాబు సంగతి అక్కడైనా చెబుదామండీ" అంది.

"వాడి సంగతి చెబితే ఆస్పత్రిలో నేనన్న మాటా బయటికొస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ ముందు నన్ను దోషిగా నిలబెడతావా?" అని కసిరాడు. తర్వాత కూతుర్ని పిలిచి, "మేడం ఏమడిగినా చదువు కష్టంగా ఉందను. ఇంట్లో అందరూ బాగా చూసుకుంటారను. అర్థమైందా?" అన్నాడు.

"సరే నాన్నా" అంది ప్రసూన.

షమీమ్ ఆ కాగితం చదివి పక్కన పెట్టింది. "ఒకటి రెండుసార్లతో తేలే పని కాదండీ ఇది. వారం వారం రావాలి. బరువు, గుండె చూపించుకోవడానికి మీ డాక్టరు దగ్గరికీ వెళ్తూనే ఉండాలి. అమ్మాయి నాతో చెప్పింది మీతో చెప్పను, తన ప్రాణానికి ముప్పు అనిపిస్తే తప్ప. మీరూ అడగొద్దు. అవసరమైతే మీతో కూడా కూర్చుని మాట్లాడతాను" అంది. శరభయ్య అన్నింటికీ ఊఁ కొట్టాడు. దస్తావేజు చివరి షరతులు వింటూ జనం కొట్టే ఊఁ అది. ఒక్కటీ చెవికెక్కలేదు.

తిరుగు బస్సులో కూర్చోగానే మొదలుపెట్టాడు. "ఏమడిగింది? నువ్వేమన్నావు? ఇంకేమడిగింది?" అని వారం వారం అదే గొడవ. రేపు ఏం చెప్పాలో నేర్పడం, వచ్చాక ఏం చెప్పిందో రాబట్టడం. మరి ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఆ గదిలో కూడా కుర్చీ వేసుకుని నాన్నే కూర్చున్నాడనుకుంది. చదువు కష్టమంది, ఇంట్లో అందరూ బాగా చూసుకుంటారంది. షమీమ్ చదువు గురించే మాట్లాడింది. బరువు మాత్రం ఇంకా తగ్గింది.

మూడో వారం షమీమ్ శరభయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. "ఏదో పెద్ద సంగతి నాకు తెలియడం లేదండీ. ఇంట్లో ఎవరైనా పోయారా? అమ్మాయి మనసు విరిగే మాట ఎవరైనా అన్నారా? ఇక్కడ చెబితే మిమ్మల్ని ఎవరూ నిందించరు. నాకు దారి తెలుస్తుంది" అంది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నా పేరు పలికితే చాలు. శరభయ్య చొక్కా గుండీ సవరించుకుని, "అబ్బే, అలాంటివేమీ లేవండీ" అన్నాడు. అయ్యో, అంత సులువుగా అనేశాడు!

నాలుగో వారం ప్రసూనే నోరు తెరిచింది. ఇంట్లో ఎంతమందని షమీమ్ మళ్ళీ అడిగితే, "నలుగురం" అని ఏడ్చిందట. బస్సులో తండ్రి గుచ్చి గుచ్చి అడిగితే ఆ సంగతి చెప్పేసింది. శరభయ్య మండిపడ్డాడు. "ఇంటి గుట్టు వీధిలో పెడతావా? ఇక అక్కడికి వెళ్ళింది చాలు" అన్నాడు. షమీమ్ ఫోను చేసి, "ఇప్పుడు మానేయకండి, ఇప్పుడిప్పుడే మాట పెగిలింది, పిల్ల ప్రమాదంలో ఉంది" అంటే, "మా అమ్మాయికి తగ్గిపోయిందండీ" అని పెట్టేశాడు.

ఎవరికి తగ్గింది? ఆ రోజు నుంచి ప్రసూన పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. తాయారు కాళ్ళు పట్టుకుని బతిమాలినా ముద్ద దిగలేదు. వారం తిరక్కుండానే స్నానాల గదిలో పడిపోయింది. గుంటూరు ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంచారు. ప్రాణం దక్కింది కానీ గుండె బాగా దెబ్బతిందని, ఇక జీవితాంతం జాగ్రత్తగా ఉండాల్సిందేనని డాక్టర్లు చెప్పారు.

సంగతి తెలిసి అప్పుడు వచ్చింది షమీమ్. ఈసారి తాయారు మొగుడి వంక చూడలేదు. చిన్నా సంగతి, ఆస్పత్రి వరండా సంగతి, అన్నీ చెప్పేసింది. షమీమ్ విని, "నెల రోజులు లేని జబ్బుకు వైద్యం చేశానండీ" అంది. శరభయ్య తల ఎత్తలేకపోయాడు.

మరో రెండు వారాలకు ప్రసూన మంచం మీద లేచి కూర్చోగలిగింది. ఆమె సరేనన్నాకే షమీమ్ తల్లిదండ్రుల్ని గదిలోకి పిలిచింది. శరభయ్య కూతురి ముందు కూర్చుని, "తప్పయిపోయిందమ్మా. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు ఆలస్యంగా వెళ్ళావనే బాధలో అనేశాను" అన్నాడు.

ప్రసూన కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. "ఎందుకు ఆలస్యమైందో ఎప్పుడైనా అడిగావా నాన్నా?" అంది.

ఆగకుండా తనే చెప్పుకొచ్చింది.

"ఆ రోజు దశమి, రిజిస్ట్రేషన్లకు మంచి రోజు. మీ ఆఫీసు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. తమ్ముడి కోసం వెళ్తుంటే నువ్వే పిలిచి, జిరాక్సులు తెచ్చిపెట్టి వెళ్ళమన్నావు. ట్యూషన్ వదిలేస్తారు నాన్నా అన్నాను. వాడేం పారిపోడులే అన్నావు. తెచ్చి నీ బల్ల మీద పెట్టి పరిగెత్తాను."

శరభయ్యకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. కాగితాలు అందుకోవడం గుర్తొచ్చింది. తెచ్చిన పిల్ల ముఖం మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"మరి... ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే తల్లీ?" అన్నాడు.

"చెబితే నువ్వు బతకవనుకున్నాను" అంది ప్రసూన.

తాయారు గోడకు జారగిలబడి బిగ్గరగా ఏడ్చింది. శరభయ్య చేయి చాచాడు. ప్రసూన తన చేతిని దుప్పటి కిందికి తీసుకుంది. ఆస్పత్రి నుంచి తండ్రి ఉండే ఇంటికి రానని, తల్లిని తోడు తీసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. వారం వారం షమీమ్ దగ్గర మాట్లాడుతోంది, పూటకు నాలుగు ముద్దలు తింటోంది. తండ్రితో మాట్లాడటానికి ఇంకా సిద్ధంగా లేనని చెప్పింది. శరభయ్య ప్రతి వారం షమీమ్ దగ్గరికి వెళ్ళి గది బయట బెంచీ మీద కూర్చుని, పిలుపు రాక బస్సెక్కి ఒంటరిగా ఇంటికి వస్తున్నాడు.

నీతి: మనసుకు వైద్యం చేయించాలనుకునే ఇంటివాళ్ళు ముందు తాము దాచిన నిజాన్ని తామే చెప్పాలి, బాధపడుతున్న మనిషి మాటను ఆ మనిషినే చెప్పుకోనివ్వాలి.